తలుపేసి అడిగే మాట

అక్క పోయింది. తోడబుట్టింది కాదు, మార్కాపురం కాలేజీలో మాకు ఎక్స్‌రే పని నేర్పిన టీచరు. అందరం అక్కా అనే పిలిచేవాళ్లం. తర్లుపాడు బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది, గుండెపోటంట. బేస్తవారిపేట దగ్గర వాళ్ల ఊరికి పోయి మట్టి వేసి వచ్చినాను. సమాధి దగ్గర పాస్టరుగారు ఆమెను శాంతమూర్తి అన్నాడు. ఎవరేమనుకున్నా సరే, అది నిజం కాదు. ఆమెది పోట్లాడే నోరు. ఆ నోరంటేనే నాకు గౌరవం.

మేమంతా పలకల గనుల పనివాళ్ల పిల్లలం, గొర్లకాపరుల పిల్లలం. మొదటి రోజే అక్క చెప్పింది: "బటన్ ఎవరైనా నొక్కుతారు. భయపడే మనిషిని నిలబెట్టడం నేర్చుకోండి." ముసలోళ్ల ఛాతీకి ప్లేటు ఆనించే ముందు, చల్లగా తగలకుండా అరచేత్తో రుద్దేది.

ఇంకోటి నేర్పింది. వయసులో ఉన్న ఆడమనిషి ఎవరొచ్చినా సరే, వెంట వచ్చినోళ్లను బయటికి పంపి, తలుపేసి, నెల తప్పిందా అని అడగాలి. కడుపులో బిడ్డ ఉంటే ఆ కిరణాలు మంచివి కావు. ఇది పుస్తకంలో ఉన్నదే. కానీ మా దిక్కు పెళ్లికాని పిల్లను ఆ మాట అడిగితే కొట్లాటే.

ఒకసారి మేం పని నేర్చుకునే ఆసుపత్రికి యర్రగొండపాలెం వైపు నుంచి ఒక పిల్ల నడుము ఎక్స్‌రేకి వచ్చింది, మేనమామతో.

"పెళ్లికాని పిల్లతో నీకు తలుపేసి మాటలేంది?" అన్నాడాయన.

"పెళ్లయిందా లేదా నా మిషన్‌కి తెలవదు మామా. బయట కూర్చో."

గడియ పెట్టి అడిగింది. ఆ పిల్ల తల వంచుకుని ఏడ్చింది. అక్క ఆమె పక్కన కూర్చుని కళ్లు తుడిచింది. తర్వాత బయటికి పోయి, "మిషన్ పనిచెయ్యట్లా. పిల్లను డాక్టరమ్మ ఒంటరిగా చూస్తుంది, నేనే తీసకపోతా" అని చెప్పింది.

"మిషన్ బాగానే ఉంది గదక్కా" అన్నాను తర్వాత.

"ఆ మామ మొహం చూసినావా? ఇయ్యాల్టికి అది చెడిపోయినట్టే."

పైవాళ్లు పిలిపించి తిట్టినారు. మర్నాడు వచ్చి ఇంకో పిల్లను మళ్లీ అదే మాట అడిగింది.

ఇప్పుడు నేను గిద్దలూరులో ఒక స్కానింగ్ సెంటర్లో చేస్తన్నా. పోయిన వారమే ఓనరు తేల్చి చెప్పినాడు: "ఆ మాట అడిగి జనాన్ని పక్క సెంటరుకు తోలతన్నావు. ఇంకోసారి అడిగితే పనిలోకి రావొద్దు." నాయన ఊపిరితిత్తుల నిండా పలకల దుమ్మే, పని మానేసినాడు. ఇల్లు నా జీతం మీదే నడుస్తుంది. సెంటర్లో ఉన్నోళ్లందరికీ తెలుసు నేను నోరు మూసుకుంటానని.

మట్టి వేసి వచ్చిన మర్నాడు, విడవని దగ్గుతో ఒక కాలేజీ పిల్ల వచ్చింది, వాళ్ల నాయన వెంట. ఓనరు కౌంటరు దగ్గర నుంచి నన్నే చూస్తన్నాడు.

"పెదనాయనా, నువ్వు బయట కూర్చో."

"ఎందుకమ్మా?"

"ఎందుకో ఆమెకే చెప్తా."

గడియ పెట్టినాను. అడిగినాను. ఆ పిల్ల కొంచెం బెదిరి, నా మొహం చూసి, "లేదక్కా" అన్నది.

బయట ఓనరు తలుపు కొడతన్నాడు. కొట్టనీ. ప్లేటు చల్లగా ఉంది, అరచెయ్యి పెట్టి రుద్దతా ఉన్నాను.