దేన్నీ పారేయని డాక్టరుగారు

గోడౌన్ డాక్టరు అంటే ఆ ఆసుపత్రిలో తెలియనివాళ్లు లేరు. ఆయనకు ఉన్నది ఒకే ఒక్క బలహీనత: చేతికి వచ్చినదాన్ని దేన్నీ పారేయలేరు. సిరా అయిపోయిన పెన్నులు, మూతలు పోయిన సీసాలు, సీసాలు పోయిన మూతలు, తెగిన చెప్పు పట్టీలు, అన్నీ ఆయన దగ్గర భద్రం. ఆయన గదిలోకి వెళ్లినవాళ్లు ముందు కుర్చీ ఎక్కడుందో వెతుక్కోవాలి. అది దొరికాక, దాని మీదున్న సామాను ఎక్కడ పెట్టాలో వెతుక్కోవాలి. ఇదంతా ఎందుకండీ అని అడిగితే ఒకటే జవాబు: "ఉండనివ్వండి, దేనికైనా పనికొస్తుంది."

ఆయన వార్డులో నర్సులకు పెద్దదిక్కు పెద్ద సిస్టర్. ఆమె తీరు దీనికి పూర్తిగా తలకిందులు. ఖాళీగా ఉన్న బల్ల కనిపిస్తే ఆమెకు కడుపు నిండిపోతుంది. డాక్టరుగారు వార్డులో తిరుగుతుంటే చెత్తసంచి పట్టుకుని వెనకే నడిచేది. ఆయన ఇటు తిరిగేలోపు అటు జేబులోంచి ఏదో ఒకటి లాగి సంచిలో వేసేది. కాసేపటికి ఆయన ఆ సంచిలో చేయి పెట్టి దాన్ని మళ్లీ జేబులో వేసుకునేవారు. ఇద్దరూ దీని గురించి పైకి ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఊపిరితిత్తుల్ని పట్టే ఆ వైరస్ జబ్బు వచ్చి వార్డు నిండిపోయాక ఈ సరదాలు తగ్గాయి. రోగుల్ని స్కానింగ్ గదిదాకా తీసుకెళ్లే వీలు లేదు. మంచం కదిలిస్తేనే ఆయాసపడేవాళ్లు చాలామంది. అందుకని డాక్టరుగారు చక్రాల బల్ల మీద చిన్న అల్ట్రాసౌండ్ మెషిన్ పెట్టుకుని మంచం మంచానికీ తిరిగేవారు. ఛాతీ మీదా వీపు మీదా జెల్ రాసి, రోజూ అవే చోట్ల మెషిన్ పిడి ఆనించి చూసేవారు. ఊపిరితిత్తి బాగుంటే తెర మీద మెరిసే గీత ఒకటి ఊపిరితోపాటు జారుతూ ఉంటుంది, దాని కింద అడ్డగీతలు కనిపిస్తాయి. జబ్బు చేస్తే పైనుంచి కిందికి తెల్లటి చారలు దిగుతాయి. ముదిరితే చారలన్నీ కలిసిపోయి తెల్లపరదా వేసినట్టు అయిపోతుంది. నిన్నటి బొమ్మ పక్కన ఇవాళ్టి బొమ్మ పెట్టి చూస్తే మనిషి ఎటు నడుస్తున్నాడో తెలిసిపోతుంది.

ఇక్కడా ఆయన బుద్ధి పోనిచ్చుకోలేదు. తీసిన బొమ్మల్లో ఒక్కటీ చెరపరు. మెషిన్ కడుపు నిండిపోయి రోజూ పొద్దున్నే కీచుమని మొరపెట్టుకునేది. దాన్ని ఖాళీ చేయించడం పెద్ద సిస్టర్ పని. ఇంటికి వెళ్లిపోయినవాళ్ల బొమ్మలు మనకెందుకని ఆమె అడిగితే, ఆయన చాలాసేపు ఆలోచించి, జెల్ రాయకుండా పొరపాటున తీసిన నల్లటి బొమ్మ ఒకటి చెరిపేవారు. చెరిపాక దిగులుగా చూసేవారు. రోగుల పేర్లు కనిపించకుండా ఆయన తెర మూల ప్లాస్టర్ అంటించి, గుర్తుకోసం మంచం నంబరు, తేదీ, తను పెట్టిన ముద్దుపేరు మాత్రం ఉంచుకునేవారు. ఒకరు గురక, ఒకరు నవ్వులు, ఒకరు అగ్గిపుల్ల.

"ఈ అగ్గిపుల్ల ఎవరండీ? ఎప్పటినుంచో చోటు ఆక్రమించుకుని కూర్చున్నాడు," అని ఒకరోజు నిలదీసింది పెద్ద సిస్టర్.

"ఉండనివ్వండి సిస్టర్, దేనికైనా పనికొస్తుంది," అన్నారాయన మెషిన్‌కు అడ్డంగా నిలబడి.

నిజానికి జబ్బు మొదలైన కొత్తల్లో పెద్ద సిస్టర్ కూడా ఆ వార్డులోనే మూలమంచం మీద పడింది. అప్పుడు డాక్టరుగారు తెరను గోడవైపు తిప్పి స్కాన్ చేసేవారు. ఎలా ఉందని అడిగితే, ఈ మెషిన్‌కు చూపు మందగించింది సిస్టర్, ఏమీ సరిగ్గా కనపడి చావట్లేదు, మీరు మాత్రం బోర్లా పడుకోండి అనేవారు. ఆమె ఆ మెషిన్‌నూ ఆయన్నూ కలిపి తిడుతూ బోర్లా పడుకునేది. కోలుకుని డ్యూటీలో చేరిన రోజే మెషిన్ బాగుచేసే మెకానిక్‌ను పిలిపించి చెడామడా దులిపేసింది. పాపం, అతను దాన్ని ఊడదీసి బిగించి, మళ్లీ ఊడదీసి, ఏ లోపమూ దొరక్క బిక్కమొహం వేసుకుని వెళ్లిపోయాడు.

ఇలా ఉండగా వార్డులోకి తాళాలు బాగుచేసే మనిషి ఒకాయన వచ్చాడు. చేత్తో తిప్పి చూస్తే తప్ప దేన్నీ నమ్మడు. మాత్ర ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసేవాడు. ఆక్సిజన్ వస్తోందంటే మాస్కు చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. అందరూ నవ్వుకునేవారు. అయితే పక్కమంచం మనిషి పోయి, కళ్లముందే ఆ దుప్పటి మార్చడం చూశాక ఆయన మారిపోయాడు. బోర్లా పడుకోవడం మానేశాడు. మాటిమాటికీ మాస్కు తీసేయసాగాడు.

ఆ పొద్దున డాక్టరుగారు స్కాన్ చేస్తే చారలు నిన్నటికన్నా చిక్కబడ్డాయి. బోర్లా పడుకుంటే వీపువైపు గాలి బాగా ఆడుతుందనీ, ఇలాగే మొండికేస్తే గొంతులో గొట్టం వేయాల్సివస్తుందనీ పెద్ద సిస్టర్ నయానా భయానా చెప్పి చూసింది. బయట ఆయన భార్య కబురు కోసం మెట్ల మీద కూర్చుని ఉందని కూడా చెప్పింది.

"నన్ను నా మానాన వదిలేయండమ్మా," అన్నాడు తాళాలాయన ఆయాసపడుతూ. "ఎలా పడుకున్నా పోయేవాణ్నే కదా."

డాక్టరుగారు తెరను ఆయనవైపు తిప్పి, దాచి ఉంచిన అగ్గిపుల్ల బొమ్మలు ఒక్కొక్కటే చూపించారు. మొదటిది తెరంతా తెలుపే, తాళాలాయన బొమ్మకన్నా అధ్వానం. ఆ మర్నాటిదీ అంతే. తర్వాత పరదా పలచబడింది, చారలు విడివడ్డాయి, ఒక్కొక్కటే తగ్గాయి. చివరిదాంట్లో గీత మెరుస్తూ హాయిగా జారుతోంది. తాళాలాయన కళ్లార్పకుండా చూసి, ఈ మనిషి బతికాడా అని అడిగాడు. బతికారన్నారు డాక్టరుగారు. ఎవరో చెప్పమన్నాడు. రోగుల పేర్లు చెప్పకూడదన్నారు.

"అయితే నమ్మను," అన్నాడు తాళాలాయన. "తెరిచిన తాళం ఎవడైనా చూపిస్తాడు. అది ఏ తలుపుదో చూపించండి."

డాక్టరుగారు తల వంచుకున్నారు. అలవాటు కొద్దీ చేయి జేబులోకి పోయింది గాని, అంత గోడౌన్‌లోనూ ఈ పూటకు పనికొచ్చేది ఒక్కటీ లేదు.

అప్పుడు పెద్ద సిస్టర్ తెర దగ్గరికి వంగింది. మూలమంచం నంబరు. తను జ్వరంతో పడున్న తేదీలు. ఆఖరిది తను లేచి ఇంటికి వెళ్లిన రోజు. అగ్గిపుల్ల తనే, ఆ తెల్లపరదా తనది. మెషిన్ చూపుకు ఏ లోటూ లేదు. చావుకు ఇంత దగ్గరికి వెళ్లి వచ్చానా అని భయమేసింది, ఇది తనకు తెలియనివ్వకుండా రోజూ తిట్లు తిని వెళ్లిన మనిషిని చూసి గుండె నిండిపోయింది.

"అది నాది," అంది. "ఆ మూలమంచం మీదే పడుకున్నాను. రోజంతా బోర్లానే, ఈయన్ని తిడుతూ."

తాళాలాయన ఆమెను ఎగాదిగా చూశాడు. ఆయనకు ఉత్త మాట చాలలేదు.

"ఏదీ, గట్టిగా ఊపిరి పీల్చండి," అన్నాడు.

వార్డు మొత్తాన్ని హడలగొట్టే మనిషి, బళ్లో పిల్లలా నిటారుగా నిలబడి ఊపిరి పీల్చింది, వదిలింది. మళ్లీ పీల్చమన్నాడు. మళ్లీ పీల్చింది. ఆయన ఆమె భుజాలు లేచి దిగడం చూశాడు, మాస్కు తీసుకుని ముక్కుకు పెట్టుకున్నాడు, మెల్లగా బోర్లా తిరిగాడు. పెద్ద సిస్టర్ ఛాతీ కింద దిండు సర్దింది.

బయటికి వచ్చాక ఆమె డాక్టరుగారిని నిలేసింది.

"మెషిన్‌కు చూపు మందగించిందన్నారు."

"నిజం చెబితే మీకు నిద్ర పట్టేదా?"

"ఆ మెకానిక్‌ను ఎన్ని మాటలన్నానో తెలుసా మీకు?"

"తెలుసు. తర్వాత టీ ఇప్పించి తప్పు నాదేనని చెప్పాను," అన్నారాయన నేలచూపులు చూస్తూ. ఇంకా చాలామంది బొమ్మలు ఇలాగే దాచానని మెల్లగా చెప్పారు. చేయిదాటి పోయారనుకున్నాక తిరిగొచ్చినవాళ్లవి. రానివాళ్లవి కూడా కొన్ని ఉన్నాయట, వాటిని చెరపడానికి చేయి రాలేదట.

తాళాలాయన కోలుకోవడానికి చాలా రోజులే పట్టింది. ఇంటికి వెళ్లేటప్పుడు తన బొమ్మల్ని తనే తెర మీద రెండుసార్లు వేయించుకుని చూశాడు. పేరు దాచొద్దన్నాడు, షాపు ఫోన్ నంబరు ఇచ్చాడు, ఎవరైనా నమ్మకపోతే పిలవమన్నాడు. ఏదో మర్యాదకు అన్నాడనుకున్నారంతా.

ఆ తర్వాత ఒక బస్సు డ్రైవరు, నిండా ముప్పై ఏళ్లు లేనివాడు, అచ్చం అలాగే గోడవైపు తిరిగి పడుకుని మాస్కు పెట్టుకోనన్నాడు. బొమ్మలు చూపించారు. నమ్మలేదు. పెద్ద సిస్టర్ తనే వెళ్లి ఫోన్ చేసింది. కాసేపటికి వార్డు అద్దాల అవతల తాళాలాయన ప్రత్యక్షమయ్యాడు, చేతులకు ఇంకా గ్రీజు ఉంది. లోపలికి మాట వినపడదు కదా, అందుకని చొక్కా విప్పేసి, పొట్ట లోపలికి పోయేలా గుండెల నిండా గాలి పీల్చి, వదిలి, కుస్తీ పందెం నెగ్గినవాడిలా నిలబడ్డాడు. దారిన పోయే నర్సులు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. డ్రైవరు మొదట తెల్లబోయాడు, తర్వాత నవ్వబోయి దగ్గాడు, దగ్గు తగ్గాక మాస్కు ఎక్కడని అడిగాడు. అతను బోర్లా తిరిగేదాకా తాళాలాయన ఆ అద్దం ముందునుంచి కదల్లేదు, చొక్కా కూడా తొడుక్కోలేదు.