కామాలు మాత్రమే మిగిలిన అధ్యాయం

ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు. నేను ఒక్కడినే వినుంటే ఎవరికీ చెప్పేవాణ్ని కాదు. నా రూమ్మేట్ ప్రవీణ్ కూడా విన్నాడు.

డెట్రాయిట్ పక్కన నోవైలో, కార్లలో బిగించే మైకులు పరీక్షించడం నా ఉద్యోగం. పక్కింట్లో ఒక ఐరిష్ రచయిత ఉండేవారు. నాలుగు నవలలు రాశారు. మొదట బెల్‌ఫాస్ట్‌లో, తర్వాత డెట్రాయిట్‌లో విలేకరి. చివరికి చూపు పోయింది. ఐదో నవలను రికార్డర్‌లోకి చెప్పేవారు. నేను టైప్ చేసి చదివి వినిపించేవాణ్ని. పేపర్ ఆఫీసుకు ఫోన్‌లో వార్తలు చెప్పిన పాత అలవాటు... మాటలు మెల్లగా, "కామా", "ఫుల్‌స్టాప్" మాత్రం అరిచినట్టు.

చివరి అధ్యాయం చెప్పిన మర్నాడు ఆయనకు మాట పడిపోయింది. కూతురు నోరా ఫోన్ చేసింది. "నాన్న ఈ రాత్రి దాటడం కష్టం. ఆ అధ్యాయం వినాలని ఆగినట్టున్నారు. త్వరగా రా."

డిసెంబర్. ఐదున్నరకే చీకటి. బయట మంచు. త్వరగా టైప్ చేద్దామని, మాటల మధ్య నిశ్శబ్దాన్ని కత్తిరించే ప్రోగ్రామ్ నడిపాను. ఎప్పటిలాగే పాత ఫైల్ మీదే సేవ్ చేశాను. నలభై నిమిషాల ఫైల్... మూడు నిమిషాలైంది. ఆయన గొంతు అంత సన్నగిల్లిందని నేను చూసుకోలేదు. మాటలన్నీ నిశ్శబ్దం కింద లెక్కైపోయి, తెగిపోయాయి.

"రికార్డర్ల లేదా?" అన్నాడు ప్రవీణ్.

"కాపీ కాగానే చెరిపేస్తాను."

"నీ నీట్‌నెస్ పాడుగాను."

ప్లే చేశాను. కామా... కామా... ఫుల్‌స్టాప్... కామా...

అప్పుడు... టక్ టక్ టక్. టైప్‌రైటర్. ఆగింది. ఒక ఆడగొంతు, ఇంగ్లీషులో, అలసటగా... "ఊఁ, చెప్పండి." మళ్లీ టక్ టక్. చాలాసేపు.

"ఇంకా చాలా ఉందా?"

ఫుల్‌స్టాప్.

ప్రవీణ్ నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆడమనిషి కదరా?"

మళ్లీ ప్లే చేశాం. కామాలు, ఫుల్‌స్టాప్‌లు. అంతే.

పక్కింటికెళ్లి నోరాకు అంతా చెప్పాను. తిట్టలేదు. "నాన్న ఫోన్‌లో వార్త చెబుతుంటే అవతల టైప్ చేసుకునే ఆడవాళ్లు ఉండేవారు. విసుగొస్తే అలాగే అడిగేవారట," అంది.

ఆయన మొహం నా వైపు తిరిగింది. పెదవులు కదిలాయి. చదవమని. నా చేతిలో ఏమీ లేదు. ఎనిమిదింటిదాకా అలాగే ఎదురుచూశారు. తర్వాత ఎదురుచూడటం మానేశారు.

ఆ ఫైల్‌లో శబ్దం చూపించే గ్రాఫ్ చాలాసార్లు చూశాను. కామాకీ కామాకీ మధ్య ఒట్టి గీత. ఆమె ఎవరో తెలియదు. ఆమె టైప్ చేసిన కాగితాలు ఎక్కడున్నాయో... నోరా ఇప్పటికీ నన్నే అడుగుతుంది.