వాసన తెలియని ఇంట్లో గ్యాస్ పొయ్యి

కరోనా తగ్గాక నాకు అన్నీ తిరిగి వచ్చాయి, వాసన తప్ప. కొన్నాళ్లకు అదే వస్తుందని డాక్టరు చెబితే నేనూ పట్టించుకోలేదు. ఆ చలికాలం ఉయ్యూరులో మా పుట్టింటికి వెళ్లాను. అక్కడి పంచదార ఫ్యాక్టరీలో చెరకు ఆడుతున్న రోజులవి. ఏటా ఆ రోజుల్లో బస్సు ఊళ్లోకి రాకముందే తీపీ పులుపూ కలిసిన చెరకు మడ్డి వాసన ముక్కుకు తగిలేది. బస్సు దిగి, ఫ్యాక్టరీ వైపు తిరిగి గట్టిగా గాలి పీల్చాను. ఏమీ తెలియలేదు. ఇక రాదేమోనని మొదటిసారి భయం వేసింది.

విజయవాడ తిరిగి వచ్చిన కొద్ది రోజులకే అది జరిగింది. మధ్యాహ్నం పాలు సిమ్‌లో పెట్టి, గదిలో బట్టలు మడతపెడుతున్నాను. మా నాలుగేళ్ల పాప పక్కనే నిద్రపోతోంది. పాలు పొంగి మంట ఆరిపోయింది, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంది. మా మామయ్యగారు బయటినుంచి వచ్చి, చెప్పులతోనే వంటింట్లోకి వెళ్లిపోయారు. ఏమిటా అని నేను లేచేసరికి పొయ్యి కట్టేసి, కిటికీలన్నీ తెరుస్తున్నారు. పాపను ఎత్తుకుని బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డారు.

సాయంత్రం సంగతి విని మా ఆయన గ్యాస్ తీసేద్దామన్నారు. ఇండక్షన్ స్టవ్వు, కేకులకు కరెంటు ఓవెన్ కొంటానన్నారు. నాకు ఇష్టం లేదు. వాసన ఎలాగూ పోయింది, కనీసం మంట కనబడుతుంటే వంట నా చేతిలోనే ఉందనిపించేది. పాత కుక్కర్లో ఇసుక పోసి కేకు చేయడం కూడా గ్యాస్ మీదే అలవాటు. పైగా ఎండాకాలం కరెంటు కోతలు. ఇవన్నీ చెప్పానుగానీ, పాపను తలుచుకుంటే నా మాట నాకే సబబుగా అనిపించలేదు.

అప్పుడు మామయ్యగారు కలగజేసుకున్నారు. "ఉండనివ్వరా. అమ్మాయి వంట చేసేంతసేపూ నేను అక్కడ కూర్చుంటాను," అన్నారు.

ఆయన వన్ టౌన్‌లో ముప్ఫై ఏళ్లు చేనేత చీరల వ్యాపారం చేసి మానుకున్నారు. మా అత్తగారు నా పెళ్లికి ముందే పోయారు. భోజనానికి రమ్మని నేను పిలవడం, వస్తున్నానమ్మా అని ఆయన అనడం, అంతవరకే మా మధ్య మాటలు. మర్నాటినుంచి వంటింటి గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. నేను పొయ్యి వెలిగించే ముందు ఒకసారి గాలి పీల్చి తల ఊపేవారు.

జన్మలో గరిటె పట్టని మనిషి, నెల తిరిగేసరికి పోపు వేగిందని, అల్లం పచ్చివాసన పోయిందని, ఇక ఉప్పు వెయ్యమని చెప్పసాగారు. చీర అంచు వేళ్లతో తడిమి ఏ ఊరి మగ్గమో చెప్పేవారట. వాసన విషయంలోనూ అంతే ఖచ్చితం. మెల్లగా అత్తగారి మాటలు కూడా వచ్చేవి. ఆవిడ పప్పుచారులో ఏం వేసేదో, ఏ కూర మాడితే ఎవరి మీద కోప్పడేదో చెప్పేవారు. నేను చూడని మా అత్తగారు అలా నాకు తెలిశారు. పాప పుట్టినరోజుకు కేకు చేస్తే, ఎప్పుడు దింపాలో ఆయనే చెప్పారు.

ఏడాది దాటాక ఒకసారి కేకు అడుగు నల్లగా మాడిపోయింది. కునుకు పట్టిందమ్మా అన్నారు. ముసలాయన కదా అనుకున్నాను.

తర్వాత కొద్ది రోజులకు, పాప స్కూలుకు వెళ్లాక, కూరలు తరిగి పొయ్యి దగ్గరికి వెళ్లాను. ఆయన కుర్చీలో ఉన్నారు. గాలి పీల్చి తల ఊపారు. లైటర్ చేతిలోకి తీసుకున్నాను. అంతలో ఆగకుండా బెల్ మోగింది. లైటర్ గట్టు మీద పెట్టి వెళ్లి తలుపు తీస్తే పక్క ఫ్లాట్ ఆవిడ. "ఏమండీ, గ్యాస్ వాసన మా ఇంటిదాకా వస్తోంది. మీకు తెలియట్లేదా?" అంటూనే లోపలికి వచ్చి రెగ్యులేటర్ కట్టేశారు. చూస్తే ట్యూబు పగిలి ఉంది.

ఆవిడ వెళ్లాక కిటికీలన్నీ తెరిచాను. మామయ్యగారు కుర్చీలోంచి లేవలేదు.

"ఎండాకాలం ముందునుంచీ నాకూ సరిగా తెలియట్లేదమ్మా," అన్నారు.

"మరి పోపు వేగిందని రోజూ చెబుతున్నారు కదండీ?"

"రంగు చూసి. చప్పుడు విని."

"ఎందుకు చెప్పలేదు మామయ్యగారూ?"

"చెబితే ఇక ఇక్కడ కూర్చోనివ్వరు కదా," అన్నారు. "పాప తిరిగే ఇల్లు. తప్పు చేశాను."

నాకు కోపం వచ్చింది, దాచుకోలేదు. ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు. ఆవాలు ఆయన చూసినట్టే నేనూ చూడగలను కదా, ఎందుకు చూడలేదని రాత్రి పడుకున్నాక అనిపించింది. ఎవరో ఒకరు పక్కన ఉండి చెప్పడం నాకూ అలవాటైపోయింది. ఆ వంటింటి గుమ్మం దగ్గర ఇద్దరికీ కావలసింది వాసన ఒక్కటే కాదు.

గ్యాస్ కనెక్షన్ మామయ్యగారి పేరు మీదే ఉంది. వారం తిరగకుండా మా ఆయనతో కలిసి ఏజెన్సీకి వెళ్లి, సంతకం పెట్టి, సిలిండర్లు అప్పగించి వచ్చారు. ఇండక్షన్ స్టవ్వు వచ్చింది, ఓవెన్ వచ్చింది. మంట కనబడని పొయ్యితో మొదట్లో అన్నీ మాడ్చాను. మెల్లగా చెయ్యి కుదిరింది. కరెంటు పోతే పెరుగన్నంతో సరిపెట్టుకుంటున్నాం.

మామయ్యగారు వంటింటి వైపు రావడం మానేశారు. పది రోజులు చూసి, హాల్లోకి వెళ్లి, వచ్చి కూర్చోమని అడిగాను. "ఇప్పుడు నాతో ఏం పనమ్మా?" అన్నారు. పనేమీ లేదండీ, ఊరికే రమ్మన్నాను. వెంటనే రాలేదు. మర్నాడు పేపరు పట్టుకుని వచ్చారు.

మొన్న ఓవెన్‌లో మొదటిసారి కేకు పెట్టాను. టైమర్ మోగింది, రంగు బాగానే ఉంది. ఇద్దరం దాన్ని చూస్తూ ఉండగా పాప స్కూలునుంచి వచ్చి, గుమ్మంలో బూట్లు విప్పుతూనే, "కేక్ చేశావా అమ్మా?" అంది.

"వాసన ఎలా ఉందే?" అని అడిగారు మామయ్యగారు.

పాప ఎలా చెప్పాలో తెలియక ఆలోచిస్తోంది. మేమిద్దరం ఆగి దాని ముఖం వైపే చూస్తున్నాం.