క్యాండిడేట్‌కు తెల్లచీర

డిగ్రీ అయిన ఏడాది సిద్దిపేటలోని ఒక ప్రైవేటు బడి నుంచి నాకు ఇంటర్వ్యూ కార్డు వచ్చింది. ఇంగ్లీషు టీచరు కొలువు. అవ్వ, అంటే మా అమ్మ, బీడీలు చుట్టడం ఆపి, కార్డు మీద లావుగా ఉన్న అక్షరాలపై వేలు పెట్టింది.

"గిదేంది బిడ్డా?"

"క్యాండిడేట్. కొలువు కోసం పోయేటోళ్లను అట్లంటరు."

"వస్తె మంచిదే. రాకుంటె నీకు గూడ ఒక చాట తెస్త," అంది.

ఒళ్లో తంబాకు చాటతో వంగిపోయిన ఆమె నడుం చూస్తూ పెరిగిన దాన్ని. నాకు ఒళ్లు మండింది. అంతకన్నా ఎక్కువ భయమేసింది.

ఆ కోపంలోనే లైబ్రరీకి పోయి పెద్ద డిక్షనరీ తీశాను. క్యాండిడేట్ అన్న మాట పుట్టింది తెలుపులోంచట! పాతకాలం రోమ్‌లో పదవి కావాలన్నవాళ్లు తెల్లబట్టలు కట్టుకుని జనం ముందు నిలబడేవాళ్లట. తెలుపు చాలకపోతే బట్టకు సుద్ద రాసుకునేవాళ్లట. ఇంటికొచ్చి అవ్వకు చెబితే పగలబడి నవ్వింది.

"అయితె నువ్వు గూడ తెల్లచీరెనే కట్టు," అని తీర్పు చెప్పేసింది.

నాకున్నది ఒకటే, మేనత్త ఇచ్చిన దుబ్బాక నేతచీర. తెల్లది, ఎర్రంచుది. ఇంటర్వ్యూ ముందురోజు అవ్వే ఉతికింది. తెల్లారి చూద్దును కదా, చీరంతా నీలం మరకలు! నీలిమందు పొట్లం పొట్లమే బకెట్లో గుమ్మరించింది.

"ఒక్క చిటికెడు చాలు గదనే అవ్వా! కొంప ముంచినవ్!"

"ఎక్కువేస్తె ఎక్కువ తెల్లగైతదనుకున్న," అంటూ తల దించుకుంది. నేను ఏడుపు మొదలుపెట్టాను. కాసేపటికి ఆమే లేచి ముగ్గుపిండి డబ్బా తెచ్చింది.

"సుద్ద రాస్కుంటరని నువ్వే చెప్తివి గద. ఏడ్సుడు ఆపి చీరె పట్టు."

ఇద్దరం కూర్చుని మరక మరకకూ పిండి రుద్దాం.

బడిలో నేను కుర్చీలోంచి లేవగానే కింద తెల్లటి దుమ్ము రాలింది. హెడ్‌మిస్ట్రెస్ కళ్లద్దాల పైనుంచి చూసి, "ఏంటమ్మా ఇది?" అంది. సిగ్గుతో చచ్చాను. దాచడానికేముంది? నీలిమందు నుంచి రోమ్ దాకా అంతా చెప్పేశాను. ఆమె చాలాసేపు నవ్వి, "సోమవారం వచ్చి ఇదే ఏడో తరగతి పిల్లలకు చెప్పు," అంది.

పరుగున ఇంటికొచ్చి కొలువొచ్చిందని చెప్పాను. అవ్వ మంచం కిందికి వంగి, ఒక కొత్త చాట బయటికి లాగింది. ముందే తెచ్చి దాచిపెట్టిందన్నమాట!

"నా మీద నీకు గింతేనా నమ్మకం?" అని అరిచాను.

"భయముండదా బిడ్డా," అంది, కళ్లు తుడుచుకుంటూ.

ఆ సాయంత్రం దాంట్లో బియ్యం పోసి చెరిగింది. ఆ చాట మా ఇంట్లో చాలా ఏళ్లుంది. దాంట్లో ఒక్కనాడూ తంబాకు పడలేదు.