మా మేనత్త తెల్లదనం

నా చిన్నప్పుడు నా మోచేతి మడతలు ఎప్పుడూ పచ్చిగానే ఉండేవి. ఎగ్జిమా. రాత్రంతా గోక్కుంటే పొద్దున దుప్పటి నిండా నెత్తురు మరకలు. బన్సీలాల్‌పేటలో ఒక డాక్టరమ్మ స్టెరాయిడ్ క్రీము రాసిచ్చింది. పుండ్ల మీద మాత్రమే, పల్చగా, తను చెప్పినన్నాళ్లే రాయమంది. దురద తగ్గి, నాకు నిద్రంటే ఏమిటో తెలిసింది.

అది మా మేనత్తకు గిట్టలేదు. మారేడ్‌పల్లిలో మా పక్క వీధిలోనే ఉండేది. ఆవిడకు తెలియని వైద్యం లేదు, ఆవిడ నయం చేసిన రోగమూ లేదు. "స్టెరాయిడా వదినా! పోరి తోలు ఊడిపోతది. రేపు పెండ్లి గిట్ల అయితదా?" అంది. మా అమ్మ హడలిపోయి క్రీము మానేసింది. అత్త స్వయంగా వేపముద్దలో ఉప్పు కలిపి పట్టించింది. నా కేకలకు వీధంతా బయటికొస్తే, "సూడు, మందు పట్టింది" అని మురిసిపోయింది. తెలివితక్కువతనానికి అంత ధీమా ఎక్కణ్ణించి వస్తుందో నాకు ఈనాటికీ అర్థం కాదు.

అత్త మా నానమ్మకు కన్నకూతురు. మళ్లీ చేతులు రక్తాలు కారాక నానమ్మ నన్ను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తూ, మా అద్దం ముందు అత్త మరిచిపోయిన ట్యూబును కొంగున ముడేసుకుంది. తెల్లబడాలని అత్త రోజూ ముఖానికి రాసుకునే క్రీము అది. డాక్టరమ్మ దాన్ని తిప్పి చూసి, ఇదీ స్టెరాయిడే, పాపకిచ్చినదానికన్నా చాలా ఘాటైనది, ముఖానికి రాసుకుంటున్న తెలివైనవాళ్లెవరని అడిగింది.

సాయంత్రం చుట్టాల మధ్య కూర్చుని, చాయ్ తాగుతూ అత్త మా అమ్మకు బుద్ధులు చెబుతోంది. నానమ్మ రెండు ట్యూబులూ ఆమె కప్పు పక్కన పెట్టి, డాక్టరమ్మ మాట అందరికీ వినిపించింది.

"పోరికి ఇషమైతే నీ మొఖానికి అమృతమా?"

ఆ రాత్రే అమ్మ నాకు మళ్లీ క్రీము రాసింది. తన ఘాటు క్రీము ఒక్కసారిగా మానేశాక అత్త ముఖం ఎర్రగా కంది పొక్కులొచ్చాయి. అదంతా నా దిష్టేనని ఊరంతా చెప్పుకు తిరిగింది. అంత మందమైన తోలు ఏ క్రీముకు పల్చబడుతుంది?

ఇప్పుడు నా మనవరాలికి అవే మోచేతులు. డాక్టరు చెప్పినట్టు క్రీము రాస్తున్నామని తెలియగానే, లిఫ్టులో ఎవరో ఒకరు "అమ్మో, స్టెరాయిడా!" అంటారు. నేను వాదించను. మీ ముఖానికేం రాస్తారమ్మా అని మాత్రం అడుగుతాను.