చక్రంలో ఎవరో ఉన్నారు

కురమోచి మేస్త్రి గారు చక్రాలతో మాట్లాడేవారు. అందులో పెద్ద విశేషం లేదు. మాయెబాషి చుట్టుపక్కల పాత కార్ల పని చేసేవాళ్ళలో లోహంతో మాట్లాడనివాణ్ణి నేను చూడలేదు. కాకపోతే వాళ్ళు ఎక్కువగా తిడతారు. మేస్త్రి గారి పద్ధతి వేరు. ఆయన మర్యాదగా ఒక మాట అడిగి, ఆగేవారు. జవాబు కోసం. కాసేపయ్యాక, అర్థమైందన్నట్టు తల ఊపేవారు.

ఆ ఆగడం చూస్తేనే మనుషులకి ఒళ్ళు జలదరించేది.

ఆయన దగ్గర నేను తొమ్మిదేళ్ళు రంగులు వేశాను. మా దగ్గరికి వచ్చేవన్నీ పాత కార్లకీ స్పోర్ట్స్ కార్లకీ వేసుకునే అల్లాయ్ చక్రాలు. కారుతోపాటు వచ్చినవి కావు, కుర్రతనంలో జీతమంతా పోసి విడిగా కొనుక్కున్నవి. చాలావాటి అచ్చులు నలభై ఏళ్ళ కిందటే పారేశారు. నాలుగింట్లో ఒకటి పోతే దానికి జోడు దొరకడం కష్టం. అందుకని జనం వాటిని జ్వరమొచ్చిన పిల్లల్లా దుప్పట్లలో చుట్టి తెచ్చేవారు.

కొత్తగా వచ్చిన చక్రం తిన్నగా లోపలికి రాకూడదు. గుమ్మం పక్క బల్ల మీద కాసేపు కూర్చోవాలి. దాని పక్కన చిటికెడు ఉప్పు. అంత్యక్రియల నుంచి వచ్చినవాళ్ళు ఇంట్లోకి వెళ్ళే ముందు చల్లుకుంటారే, ఆ ఉప్పే. ఉప్పు తగిలితే అల్యూమినియాన్ని తినేస్తుంది కదా అని చేరిన కొత్తలో అడిగాను.

"అందుకే కాగితం మీద పోస్తాను. భయం భయమే, తుప్పు తుప్పే," అన్నారాయన.

ఆ తర్వాత కొయ్యసుత్తితో తట్టేవారు. మంచి చక్రం గంటలా చాలాసేపు మోగుతుంది. పగులున్న చక్రం, ఎవరో గొంతు పట్టుకున్నట్టు, మధ్యలో ఆగిపోతుంది. ఈ సంగతి ఈ పనిలో ఉన్న అందరికీ తెలుసు. అనుమానం తీరాలంటే ఎర్ర మందు పూసి, తుడిచి, పైన తెల్లపొడి కొడతారు. పగులుంటే, అందులోకి దిగిన ఎరుపు పొడిలోంచి మెల్లగా పైకి వస్తుంది. మిగతా దుకాణాల్లో దాన్ని వేలితో చూపించి, పగిలింది, పారెయ్యండి అని చెప్పి ఊరుకుంటారు.

మా మేస్త్రి గారు కుర్చీ వేసి చక్రం తాలూకు మనిషిని కూర్చోబెట్టేవారు. షట్టరు సగం దించేవారు. మాట్లాడకుండా చూడమనేవారు. తెల్లటి చక్రం మీద సన్నటి ఎర్ర గీత దానంతటదే పాకుతుంటే, పట్టపగలు పదకొండింటికి కూడా మనిషికి చెమట పడుతుంది. అప్పుడాయన టోపీ తీసి, చక్రం ముందు నడుం వంచి, "క్షమించాలి. తమరు లోపల ఉన్నారని తెలియక తట్టాను," అనేవారు.

ఒకసారి తకసాకి నుంచి ఓ కంటి డాక్టరు వచ్చాడు. బంగారు రంగు చక్రాలు. మూడు మోగాయి, నాలుగోది మోగలేదు. దీన్ని అమ్మిన మనిషి పొట్టిగా ఉంటాడా అని మేస్త్రి గారు అడిగారు. వేలంలో కొన్నాననీ, మనిషిని చూడలేదనీ డాక్టరు చెప్పాడు. మేస్త్రి గారు చక్రం వైపు తిరిగారు.

"చూడలేదట," అన్నారు. ఆగారు. తల ఊపారు. "పరవాలేదంటున్నాడు. కాకపోతే కమలాపళ్ళు అడుగుతున్నాడు."

డాక్టరు ఆ చక్రంతోపాటు, దాన్ని చుట్టి తెచ్చిన దుప్పటిని కూడా వదిలేసి వెళ్ళిపోయాడు. రెండ్రోజుల తర్వాత పార్సెల్లో పెట్టెడు కమలాపళ్ళు వచ్చాయి. మేస్త్రి గారూ, ఆయన భార్య తొయోనో గారూ, నేనూ కలిసి వారం రోజులు తిన్నాం. చక్రం ముందు ఒకటి పెట్టాం.

ఇలా వదిలేసి వెళ్ళినవన్నీ వెనక గోడకి మేకులు కొట్టి తగిలించేవారు. నేను మానేసే నాటికి అరవై దాటాయి. చలికాలంలో అకగి కొండ మీది నుంచి పొడిగాలి దిగినప్పుడు, కిటికీ సందుల్లోంచి దూరి, ఆ చక్రాల కన్నాల్లోంచి పోయేది. అరవై మంది నోరు మూసుకుని పాట పాడితే ఎలా ఉంటుందో అలా ఉండేది. నా రంగుబల్ల ఆ గోడ ముందే. వీపు అటు పెట్టి పని చెయ్యాలి. ఆ మూలుగులో అప్పుడప్పుడు మాటలుండేవి. "సెగావా" అని నన్ను ఎవరో పిలిచినట్టు రెండు మూడుసార్లు తిరిగి చూశాను. అలా చూసినప్పుడల్లా మేస్త్రి గారు నా వైపు గౌరవంగా చూసేవారు.

తొయోనో గారికి మాత్రం ఏ భయమూ లేదు. మేడ మీద నుంచి, "ఏమండీ, చచ్చినవాళ్ళు ఆగుతారు. నూడుల్స్ నానిపోతున్నాయి," అని పిలిచేవారు.

నేను చేరిన తొమ్మిదో ఏడు నవంబరు చివరి వారంలో, సోమవారం నాడు, చికాగె అనే ఆవిడ వచ్చింది, ఇంటిపేరు హినాసె. ముప్ఫై ఏళ్ళుంటాయి. వాళ్ళ నాన్న ఆ వసంతకాలంలో పోయాడు. ఆయనా, పదకొండుమంది స్నేహితులూ ఏటా నవంబరు ఆఖరి ఆదివారం, మంచుకి రోడ్డు మూసేసే లోపల, తమ పాత కార్లలో అకగి మీది సరస్సు దాకా వెళ్ళి, మిసో అనే సోయా ముద్ద పూసి కాల్చిన బన్నులు తిని దిగి వస్తారు. ఇరవై ఆరేళ్ళుగా తప్పలేదు. ఈసారి నాన్న చోటు ఖాళీగా ఉండకూడదని చికాగె పట్టుదల. ఆ మొండి గేర్ల కారు నడపడం ఆరు నెలలుగా నేర్చుకుంటోంది. నాన్న కారు, నాన్న చక్రాలు. ఎనిమిది ఆకుల ఆ చక్రాల్ని ఆయన ప్రతి ఆదివారం పాత బనీనుతో తుడిచేవాడట.

మూడు మోగాయి. నాలుగోది ఆగిపోయింది. తెల్లపొడి కొట్టాక, బోల్టు కన్నం దగ్గర మొదలై ఆకు మొదలు దాకా వేలెడు పొడవున ఎర్ర గీత లేచింది. మేస్త్రి గారు టోపీ తీశారు, వంగారు, ఆగారు, తల ఊపారు.

"ఇందులో ఎవరో ఉన్నారమ్మా. కొండకి రానంటున్నారు."

ఈ మాట దగ్గర మనుషులు కుర్చీ వెనక్కి జరుపుకోవడమే నేను చూశాను. చికాగె ముందుకి జరుపుకుంది.

"నాన్నా?" అంది చక్రంతో.

మేస్త్రి గారి టోపీ చేతిలోనే ఉండిపోయింది.

"గొంతు బొంగురుగా ఉందా?" అని అడిగింది ఆయన్ని.

"కొంచెం," అన్నారు. ఆ ఒక్క మాట ఆయన కొంప ముంచింది.

"అయితే ఆయనే. రానంటే మీరు పట్టించుకోకండి మేస్త్రి గారూ. దేనికైనా ముందు రాననే అంటాడు. ఆసుపత్రికీ అంతే. ఎక్కించేస్తే వచ్చేస్తాడు."

ఎర్ర గీత మీద వేలు ఆనించి, నొప్పిగా ఉందా అని మెల్లగా అడిగింది. అడిగి, ఆగింది. షట్టరు సగం దించి ఉంది, లోపల చప్పుడు లేదు. కాసేపటికి ఆవిడ తల ఊపింది. మేస్త్రి గారు భయపడగా నేను చూడడం అదే మొదటిసారి.

మంగళవారం మధ్యాహ్నం భోజనం వేళకి మళ్ళీ వచ్చింది. వెచ్చటి డబ్బా కాఫీ చక్రం ముందు పెట్టి, పక్కన కూర్చుని, మూడో గేరు నుంచి రెండో గేరుకి దిగేటప్పుడు ఇంకా గరగరమంటోందని చెప్పుకొచ్చింది. మధ్యమధ్య ఆగి నవ్వేది. ఆవిడ నవ్విన చోట మాకు ఏమీ వినపడలేదు. మేస్త్రి గారు కంప్రెసరు వెనక నిలబడి, అరిగిపోయిన గొట్టాన్ని అరగంట పరీక్షించారు.

బుధవారం కూడా వచ్చి, వెళ్ళబోతూ అసలు సంగతి చెప్పింది. మేస్త్రి గారికి వీలు కాకపోతే ఇసెసాకి రోడ్డులో ఒకాయన ఒక్కరోజులో వెల్డింగ్ చేసిస్తానన్నాడట. ఏమైనా సరే, నాన్నని కింద వదిలేసి కొండెక్కనంది. శనివారం దాకా ఆగమని మేస్త్రి గారు బతిమాలుకున్నారు.

ఆ మధ్యాహ్నం ఆయన అన్నం ముందు కూర్చుని తినలేదు.

"నలభై ఏళ్ళుగా భయపడేవాళ్ళని భయపెట్టారు. ఇప్పుడు భయపడని పిల్ల దొరికింది, అనుభవించండి," అన్నారు తొయోనో గారు.

ఆయన లేచి వెళ్ళాక ఆవిడ నాకు చెప్పారు. వాళ్ళ పెళ్ళైన కొత్తలో ఓ కాలేజీ విద్యార్థి ఇలాంటి చక్రమే తెచ్చాడట. పగిలింది, వాడొద్దని మేస్త్రి గారు సూటిగానే చెప్పారట. వెంట్రుకంత పగులుకి ఇంత హడావుడా అని నవ్వి, ఆ పిల్లవాడు ఇంకో చోట వెల్డింగ్ చేయించుకున్నాడు. కొండ దిగేటప్పుడు ఐదో మలుపులో చక్రం విడిపోయింది. మనిషి బతికాడు, కాలు పోయింది. ఆ తర్వాత వచ్చినవాడూ వెంట్రుకంతే కదా అన్నాడు. ఏం చెప్పాలో తోచక మేస్త్రి గారు, దీంట్లో ఎవరో ఉన్నారు అనేశారట. వాడు చక్రాన్ని నిప్పు ముట్టుకున్నట్టు వదిలేశాడు.

"పగులుకి భయపడనివాడు దెయ్యానికి భయపడతాడని ఆరోజే తెలిసింది ఈయనకి," అన్నారు తొయోనో గారు. "ఆ కమలాపళ్ళు ఎందుకు అడిగారో మాత్రం నాకూ తెలీదు."

నేను కిందికి వచ్చేసరికి మేస్త్రి గారు ఫోనులో ఉన్నారు. సోమవారం నుంచీ ఒసాకా దాకా తెలిసిన చక్రాలవాళ్ళందరికీ చేస్తున్నారట. హమమత్సులో ఒక ముసలాయన దగ్గర అదే ఎనిమిది ఆకుల చక్రం, అదే కొలత, ఒంటరిది ఒకటి ఉంది. స్వయంగా వచ్చి చూసి తీసుకెళ్ళేవాడికైతేనే ఇస్తాడట. ముప్ఫై ఏళ్ళుగా తోనె నది వంతెన దాటని మా మేస్త్రి గారు గురువారం పొద్దున్నే రైలెక్కారు. సాయంత్రం చక్రాన్ని గుడ్డలో మూట కట్టి ఒళ్ళో పెట్టుకుని తిరిగొచ్చారు. రైల్లో పక్క సీటు ఆవిడ అదేమిటని అడిగిందట.

"మరి ఎవరున్నారని చెప్పారు?" అన్నాను.

"చక్రం అని చెప్పాను," అన్నారు. "అంతకుమించి నోరు రాలేదు."

శనివారం చికాగె వచ్చేసరికి షట్టరు పూర్తిగా ఎత్తి ఉంది. లోపలంతా ఎండ. ఈసారి రెండు కుర్చీలు వేసి, ఒకదాంట్లో ఆయనే కూర్చున్నారు.

"అమ్మా, నలభై ఏళ్ళలో ఏ చక్రంలోనూ ఎవరి మాటా నేను వినలేదు. ఇందులో మీ నాన్నగారు లేరు. పగులు ఉంది. వెల్డింగ్ చేస్తే బాగైనట్టే ఉంటుంది. దిగేటప్పుడు, మలుపులో, బ్రేకు మీద కాలున్నప్పుడు విడిపోతుంది. పగులని చెబితే ఎవరూ వినరని అలా అంటుంటాను. మీ దగ్గర అనకుండా ఉండాల్సింది."

నా చేతిలో పని ఆగిపోయింది. నిజం తెలిస్తే భయం తగ్గాలి. నాకు పెరిగింది. ఆయన నలభై ఏళ్ళుగా ఏమీ వినలేదట. మరి ఆ గోడ వైపు నుంచి నేను విన్నదేమిటి?

చికాగె పగులు మీద మళ్ళీ వేలు ఆనించింది.

"బొంగురు గొంతు?"

"మీరు అడిగారు. కాదనలేకపోయాను."

ఆవిడ ఏడుస్తుందేమోనని మేస్త్రి గారు తల దించుకుని, హమమత్సు చక్రం మూట విప్పి, కొయ్యసుత్తి ఆవిడ చేతికిచ్చారు. ఆవిడ తట్టింది. అది మోగుతూనే ఉంది. ఆ మోత పూర్తిగా పోయేదాకా కదలకుండా కూర్చుని, ఇంకోసారి తట్టింది.

"ఇందులో?" అంది.

"నేను అడగలేదు," అన్నారు మేస్త్రి గారు.

ఆదివారం పన్నెండు కార్లు ఎక్కాయి, పన్నెండూ దిగాయి. సోమవారం చికాగె మాకు మిసో బన్నులు తెచ్చింది. దిగేటప్పుడు రెండో గేరు ఒక్కసారి కూడా గరగరమనలేదని చెప్పింది. పాత చక్రాన్ని ఇంటికి తీసుకెళ్తుందనుకుని మేస్త్రి గారు శుభ్రంగా తుడిచి, కొత్త గుడ్డలో చుట్టి సిద్ధంగా ఉంచారు. ఆవిడ గుడ్డ విప్పేసి, వెనక గోడ వైపు చూసింది.

"అక్కడ తగిలించండి. మీ మాట విననివాళ్ళు వస్తే మా నాన్న పేరు చెప్పండి. జనాన్ని బెదిరించడమంటే ఆయనకి మహా సరదా."

ఆ అబద్ధాలు ఇక మానేశానని మేస్త్రి గారు చెప్పారు.

"మీరు మానేస్తే వాళ్ళు ఇసెసాకి రోడ్డుకి పోతారు," అంది చికాగె. మేకు ఎక్కడ కొట్టాలో తనే చూపించింది, మనిషి కంటికి ఎదురుగా ఉండేటట్టు.

పది రోజుల తర్వాత కిర్యూ నుంచి ఓ లారీ కంపెనీ యజమాని వచ్చాడు. భారీ మనిషి, భారీ గొంతు. ఎర్ర గీత కళ్ళెదురుగా కనపడుతున్నా, వెంట్రుకంతే కదా, అతికించి పారెయ్యమన్నాడు. మేస్త్రి గారు కాసేపు తటపటాయించారు. తర్వాత టోపీ తీసి గోడ వైపు తిరిగారు.

"హినాసె గారూ, ఈయన వెంట్రుకంతే కదా అంటున్నారు."

ఆగారు. అలవాటు లేకపోయినా ఆ యజమానీ ఆగాడు. నేనూ ఆగాను. బయట గాలి లేదు, చెట్టు మీద ఆకు కదలడం లేదు. గోడ మీద ఒకే ఒక చక్రం, బొంగురుగా, దగ్గినట్టు, చిన్నగా మోగింది.

యజమాని తన చక్రాన్ని రెండు చేతులతో నేల మీద పెట్టి, వెనక్కి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

మేస్త్రి గారు గోడ దగ్గరికి వెళ్ళి మేకు కదిపి చూశారు. గట్టిగానే ఉంది. నా వైపు చూశారు. నేను కాదని రెండు చేతులూ చూపించాను. ఆయన టోపీ పెట్టుకుని, మళ్ళీ తీసి, "మొదటిసారికి బాగానే చేశారు," అని చక్రానికి నమస్కరించి, నన్నొక్కణ్ణే కింద వదిలేసి, అరవై ఎనిమిదేళ్ళ వయసులో, రెండేసి మెట్లు దాటుకుంటూ మేడెక్కేశారు.