బస్టాండులో బ్యాగు పెట్టింది నేనే

డెంగీ మీద నాటకం వేసినప్పుడు మా దోస్తు డాక్టరు, నేను దోమ. ఓటు హక్కు నాటకంలో వాడు ఓటరు, నేను ఓట్ల పెట్టె. హెల్మెట్ నాటకంలో వాడు తలకాయ కాపాడుకుని క్షేమంగా ఇల్లు చేరే కొడుకు, నేను స్పీడ్ బ్రేకరు. రోడ్డుకు అడ్డంగా పడుకోవాలి, అంతే. గద్వాలలో డిగ్రీ చదివిన రోజుల్లో నా నటనా జీవితం ఇది. అసూయ పడ్డావా అని అడిగితే, పడ్డాను. లేచి, బట్టలు దులుపుకుని, మళ్లీ పడ్డాను.

వాడి గొంతు అలాంటిది. మైకు లేకుండానే చివరి వరుసకు వినిపించేది. నేను మైకు పట్టుకుని మాట్లాడినా మొదటి వరుసవాళ్లు "ఏందీ?" అనేవాళ్లు. వాడు ముసల్మాను, ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. అయినా తెలుగు పద్యం రాగం తీసి చదివాడంటే మా తెలుగు సారు తన్మయంగా కళ్లు మూసుకునేవాడు. నేను చదివినప్పుడు కూడా మూసుకునేవాడు, ఓర్చుకోవడానికి. ఆఖరికి మా అమ్మ కూడా అంతే. వాడు మా ఇంటికి వస్తే కొత్త తొక్కు సీసా మూత తీసేది. నాకు మాత్రం అడుగున మిగిలింది గీకి పెట్టేది.

"వాడు మంచిగ తింటడురా" అనేది.

"నేను తింటలేనా?"

"నువ్వు తింటవ్. వాడు మంచిగ తింటడు."

ఇలా ఉండగా ఒకరోజు నాటకాలు చూసుకునే మా సారు కొత్త కబురు తెచ్చాడు. పోలీసులు బస్టాండులో ఉగ్రవాద దాడి మీద మాక్ డ్రిల్లు చేస్తారట, మా పిల్లలే కావాలట. ఒకడు అనుమానాస్పదంగా బ్యాగు వదిలేసి పోవాలి. ఇంకొకడు దాన్ని చూసి పోలీసులకు ఫోన్ చేయాలి. పోలీసులు వచ్చి జనాన్ని దూరం జరిపి, బ్యాగు తనిఖీ చేసి, పెట్టినవాణ్ని పట్టుకోవాలి. ప్రయాణికులకు ముందుగా చెప్పరు. అంతా అయ్యాక మైకులో చెప్తారు.

ఒక ఎస్సై వేషాలు పంచడానికి కాలేజీకి వచ్చాడు. మా ఇద్దరి కన్నూ టెర్రరిస్టు మీదే. దోమతో పోలిస్తే అది పెద్ద ప్రమోషన్.

ముందు నేను చేసి చూపించాను. మొహానికి తువ్వాలు చుట్టుకున్నాను, కళ్లు ఉరిమాను, గోడ పక్క నుంచి పాక్కుంటూ వచ్చాను. క్లాసంతా పడీపడీ నవ్వింది. తర్వాత వాడు వచ్చాడు. మామూలుగా నడిచి వచ్చి, బ్యాగు బెంచీ కింద పెట్టి, గోడ గడియారం చూశాడు. తలుపు దగ్గర నిలబడ్డ అటెండరును మెత్తగా అడిగాడు: "అన్నా, రాయచూరు బస్సు పోయిందా?" బయటికి వెళ్లిపోయాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నాకు చెమట పట్టింది, కొంత భయంతో, ఎక్కువ కడుపుమంటతో.

ఎస్సై చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. మా సారును పక్కకు తీసుకుపోయాడు. అయితే పోలీసు గొంతు పక్కకు పోదు.

"ఆ పిలగాడు మస్తు చేసిండు సార్. కాని ఆ పిలగానికి ఆ వేషమిస్తే వాళ్ల పెద్దమనుషులు ఊకుంటరా? ఊకోవద్దు గూడ. ఈ తువ్వాల పిలగాన్నే పెట్టుండ్రి."

అలా జీవితంలో మొదటిసారి వాణ్ని ఓడించాను. నన్ను గెలిపించలేదు, వాణ్ని పోటీలోంచి తీసేశారు. ఎస్సై మంచి ఉద్దేశంతోనే చేశాడు. కడుపుమంటకు మాత్రం మంచి ఉద్దేశాలు పనిచేయవు. గెలిచి కూడా నేను వాడి కంటే చిన్నగానే మిగిలాను.

వాడికి ఫోన్ చేసే అప్రమత్త పౌరుడి వేషం వచ్చింది. ఏమాత్రం బాధపడలేదు. "మంచిగే అయింది తీ. పౌరునికి డైలాగులున్నయి. నీకేడున్నయి?" అన్నాడు. అప్పటిదాకా నేను గమనించలేదు. నిజంగానే టెర్రరిస్టుకు ఒక్క మాట కూడా రాయలేదు.

డ్రిల్లు రోజు గద్వాల బస్టాండు ఎప్పటిలాగే కిటకిటలాడుతోంది. మా ఇద్దరికీ అప్పుడు గడ్డాలు. అందరూ పెంచుతున్నారని మేమూ పెంచాం. నా గడ్డాన్ని చూస్తే హీరో గడ్డం అనేవాళ్లు. వాడి గడ్డాన్ని చూస్తే ఏమీ అనేవాళ్లు కాదు.

రాయచూరు బస్సు ఆగేచోట బెంచీ మీద ఒక పెద్దామె మిరపకాయల సంచితో కూర్చుంది. నేను అనుమానాస్పదంగా చూస్తూ బ్యాగు బెంచీ కిందికి తోశాను. ఆమె కాళ్లు పక్కకు తీసుకుని, "ఇంక లోపటికి పెట్టుకో బిడ్డా, ఎవరన్న తన్నిపోతరు" అంది. దేశభద్రతకు భంగం కలిగించే పనిలో నాకు దొరికిన తొలి సహకారం అది. నేను వెళ్లి స్తంభం పక్కన నిలబడ్డాను.

కాసేపటికి మా దోస్తు వచ్చాడు. రాసిచ్చిన ప్రకారమే బెంచీ దగ్గర ఆగి, కిందికి వంగి బ్యాగు చూసి, జేబులోంచి ఫోను తీశాడు.

"ఏయ్! ఏం పెడ్తున్నవ్ రా ఆడ?"

అరిచింది ఒక లావుపాటి ఆసామి. మరుక్షణం వాడి చుట్టూ పదిమంది. ఒకడు కాలరు పట్టాడు, ఒకడు ఫోను లాక్కున్నాడు. "నేను పెట్టలేదన్నా, పోలీసోళ్లకు ఫోన్ చేస్తున్న" అంటున్నాడు వాడు. పేరేంది అని అడిగారు. చెప్పాడు. కాలరు పట్టిన చెయ్యి ఇంకా బిగిసింది.

నేను గుంపులోకి దూరాను. "వాణ్ని ఇడ్వండి! పెట్టింది నేను! నేనే టెర్రరిస్టును!"

ఆసామి నన్ను కిందికీ మీదికీ చూశాడు. "నువ్వా? నీ మొఖానికా?"

మిరపకాయల పెద్దామె జాలిగా అంది: "పాపం, దోస్తు కోసం అబద్ధమాడుతుండు. నువ్వు పక్కకు రా బిడ్డా, ఎండకు తల తిరిగినట్టుంది." బ్యాగుకు చోటిచ్చింది ఆమే! ఆమెకు నేను గుర్తే లేను. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి నీళ్లసీసా ఇచ్చింది.

పోలీసులు విజిల్ ఊదుకుంటూ వచ్చేసరికి వాడి అంగీ భుజం దగ్గర చినిగింది. మైకులో ఇది డ్రిల్లు అని చెప్పారు. గుంపు కరిగింది. ఆసామి మాత్రం పోలేదు, తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"తప్పైంది తమ్మీ. నువ్వు వంగినవ్ గద, మాకేం తెలుస్తది?"

"ఎవరో ఒకలు వంగాలె గదన్నా" అన్నాడు మా దోస్తు, గుండీలు వెతుక్కుంటూ.

ఆ రోజు నా లోపల జరిగింది ఇంకా వింత. వాడి మీద జాలి ఉంది, కోపం ఉంది, వాటి అడుగున పాత అసూయ పురుగు కూడా ఉంది. బ్యాగు నాది, వేషం నాది, పట్టుబడింది వాడు. నా మొహానికి ఆ మాత్రం అనుమానం కూడా దక్కలేదు.

వనపర్తిలో కూడా ఇలాంటి డ్రిల్లే పెట్టాలనుకుని మా జట్టునే పిలిచారు. మా ఎస్సై వెంట వచ్చాడు. ఈసారి వేషాలు మార్చేశాడు. పౌరుడు నేను. టెర్రరిస్టు ఇంకో పిలగాడు. మా దోస్తు గాయపడి స్ట్రెచర్ మీద పడుకోవాలి.

"నీ మంచికే చెప్తున్నరా. మల్ల గట్ల కావద్దు" అన్నాడు ఎస్సై.

వాడు తల ఊపాడు. అయినా అడిగాడు: "సార్, అంటే నేను బ్యాగు చూసినా చెప్పొద్దా?"

"అరె, నాటకంల అంటున్న."

"బయట చూస్తే?"

ఎస్సై టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. జీపు ఎక్కమన్నాడు.

వనపర్తి బస్టాండులో నేను వంగాను. నన్ను ఎవరూ పట్టుకోలేదు. "పైలం బిడ్డా, దూరం జరుగు" అని ఒకావిడ, "నా ఫోన్ తీస్కో, నీదాంట్ల సిగ్నల్ ఉన్నదో లేదో" అని ఒక పెద్దమనిషి. రాసిచ్చిన డైలాగులన్నీ మర్చిపోయి "సార్, బ్యాగు... బ్యాగున్నది సార్" అన్నాను. అయినా పని జరిగిపోయింది. నేను ఎంత చెడగొట్టినా చెడని వేషం అది, వాడు ఎంత బాగా చేసినా పనికిరాకుండా పోయిన వేషం కూడా అదే.

అయితే ఆ సంతోషమన్నా మిగిలిందా? స్ట్రెచర్ మీద వాడు ఒక చెయ్యి కిందికి వేలాడేసి, తల పక్కకు వాల్చాడు. ప్లాట్‌ఫారం మీద ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నా ఫోన్ కాల్ వైపు ఎవరూ చూడలేదు.

"నువ్వు గాయపడెటోనివిరా, సచ్చుడు లేదు నీకు" అన్నాను తర్వాత.

"ఏం చెయ్యాల్రా? నువ్వు ఫోన్ ఆలస్యంగ చేస్తివి" అన్నాడు.

మూడోది నాగర్‌కర్నూలులో. పొద్దున బయల్దేరే ముందే వాడు ఎస్సై దగ్గరికి వెళ్లాడు.

"సార్, ఒక్కసారి పౌరుని వేషం నాకియ్యండి."

"మల్ల అంగీ చింపుతరురా."

"పాతంగీ ఏస్కొచ్చిన సార్."

ఎస్సై నా వైపు చూశాడు. వేషం నాది కాబట్టి నన్ను అడగాలి. దోమ నుంచి ఇక్కడిదాకా వచ్చినవాణ్ని, మాటలున్న ఒకే ఒక్క వేషం అది. ఇవ్వబుద్ధి కాలేదు. కాని వాడు వేసుకొచ్చిన అంగీ నిజంగానే పాతది, మోచేతుల దగ్గర వెలిసిపోయింది. అంత ఆలోచించి తయారైనవాడి ముందు నేను ఏం పట్టుబడతాను?

"తీస్కో. దాంట్ల డైలాగులు గూడ ఏం బాగలేవు" అన్నాను. వనపర్తిలో టెర్రరిస్టయిన పిలగాణ్ని స్ట్రెచర్ ఎక్కించి, నేను మళ్లీ టెర్రరిస్టునయ్యాను.

అచ్చంపేట బస్సు కోసం కూర్చున్న జనం మధ్య బ్యాగు పెట్టి, దూరంగా సోడాబండి దగ్గర నిలబడ్డాను. వాడు వచ్చాడు. బెంచీకి రెండు మూడు బారల దూరంలో వాడు ఆగిపోయాడు. వంగలేదు. ఆ దిక్కుమాలిన గొంతు విప్పాడు.

"ఈ బ్యాగు ఎవరిదీ?"

బస్టాండంతా తిరిగి చూసింది.

"యే బ్యాగ్ కిస్కా హై? ఈ చీల యార్దు?"

నాగర్‌కర్నూలులో కన్నడం ఎవరికి కావాలి? వాడికి మూడు భాషలు వచ్చని చూపించుకోవడానికి తప్ప. బెంచీ చివర సీతాఫలాల బుట్టతో ఒక అవ్వ కూర్చుని ఉంది.

"నాది గాదు బిడ్డా" అంది.

"అవ్వా, జర నా ఎంబడి రా. ఇద్దరం చూద్దాం."

"నేనెందుకురా నడుమ?"

"నువ్వు చూస్తే నమ్ముతరవ్వా."

అవ్వ నడుం పట్టుకుని లేచింది. ఇద్దరూ దూరం నుంచే వంగి చూశారు. ముట్టుకోవద్దని వాడు చెప్పాడు, అదే మాట అవ్వ ఇంకా గట్టిగా అందరికీ చెప్పింది. తర్వాత వాడు జేబులో చెయ్యి పెట్టనే లేదు. "అన్నా, ఫోను నువ్వు చెయ్యి" అని ఒకతన్ని, "కాకా, ఆ బస్సు జర ఆడనే ఆపు" అని ఇంకొకాయన్ని పురమాయించాడు. రెండు నిమిషాల్లో బస్టాండు సగం మా నాటకంలో వేషాలు కట్టింది. అందరికీ డైలాగులు.

పోలీసులు దిగి, ఎవరు పెట్టారని అడిగారు. అవ్వ చుట్టూ కలియజూసి వేలు చాపింది.

"అగో, సోడాబండి కాడున్న పిలగాడు. పెట్టి ఎటు పోతుండురా అని అప్పుడే అనుకున్న."

ఇద్దరు పోలీసులు నన్ను రెక్కలు పట్టి ఆపారు. "నువ్వేనా రా?"

"నేనే" అన్నాను. టెర్రరిస్టుకు దొరికిన ఆ ఒక్క మాటను ఎంతో ప్రేమగా పలికాను. అది కూడా వాడి పుణ్యమే.

మైకులో చెప్పారు, చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఎవరికో వేరే చెప్పాలా? ఎస్సై మా సారుతో, ఇకనుంచి ఎక్కడ డ్రిల్లు పెట్టినా ముందు అందరినీ గట్టిగా అడగాలి, పక్కవాళ్లను వెంటబెట్టుకుని చూడాలి, ఇది రాసుకోండి అన్నాడు. మా దోస్తు కల్పించిన పద్ధతి అందరి పద్ధతి అయింది. నేను మూడు ఊళ్లు తిరిగి ఒక్క అక్షరం కలపలేదు.

తర్వాత బస్టాండు బయట మిర్చిబండి దగ్గర నిలబడ్డాం. వాడు తినడం లేదు. మిర్చి చేతిలోనే ఉంది.

"అవ్వ రాకపోతే ఏమైతుండెరా?" అన్నాడు.

"వచ్చింది గద."

"రాకపోతే అంటున్న."

వాడికున్నవన్నీ నాకు కావాలనుకున్నవాణ్ని. గొంతు, చప్పట్లు, స్ట్రెచర్ మీద వేలాడేసిన చెయ్యి కూడా. ఈ ప్రశ్న మాత్రం నాకు వద్దు. నేను ఎక్కడ వంగినా అవ్వను వెతుక్కునే పని లేదు.

ఏదో ఒకటి అనాలి కదా. "నేనొస్తుంటి గద, పెట్టింది నేనే అని చెప్పనీకె."

"నువ్వా?" వాడు నవ్వాడు. "నువ్వు చెప్తే ఎవరు నమ్మిన్రురా?"

ఆ నవ్వు కూడా నా నవ్వు కంటే బాగుంటుంది. నా ముందున్న మిర్చీలు వాడి వైపు జరిపాను. అప్పుడు తినడం మొదలుపెట్టాడు, ఎప్పటిలాగే మంచిగా.